పైకి వెళ్లిన లెక్క తిరిగి రావాలి

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాస పాఠం, నర్సీపట్నం)



భీమవరంలో 1895 జనవరి 12న పుట్టి, 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో కన్నుమూసిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలుచుకున్నప్పుడల్లా మనం మందుల గురించి మాట్లాడుకుంటాం. ఫోలిక్ ఆమ్లం, బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్‌కార్బమజైన్ ఆయన నడిపిన పరిశోధనల ఫలాలు. ఆయన అధిపతిగా ఉన్న లెడర్లీ పరిశోధనశాలలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వెలికితీశాడు. 1948లో లోకానికి వెల్లడైన ఆ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఇచ్చే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలో తర్వాతి తరానిది. చలికాలంలో పొదల్లోంచి, పంటచేలల్లోంచి మనిషికి అంటుకునే స్క్రబ్ టైఫస్ జ్వరానికి ప్రధాన ఔషధం ఇదే. ఇంత చవకైన, ఇంత పాత మందు చేతిలో ఉండగా ఆ జ్వరంతో మనుషులు ఇంకా ఎందుకు చనిపోతున్నారు? చాలాసార్లు కారణం ఒక్కటే. ఏ జ్వరం ఏ ఊళ్లో తిరుగుతోందో, ఆ ఊరివాళ్లకు వైద్యం చేసేవారికి వేళకు తెలియడం లేదు. ఈ లోపం గురించే నేడు నేను మాట్లాడదలిచాను.

నా వాదన ఇది. చలికాలపు వ్యాధుల మీద నిఘా అంటే కేసులు పోగేసి పైకి పంపడం అన్న అర్థం మన వ్యవస్థలో స్థిరపడిపోయింది. పంపినవారికి ఆ లెక్క వారం తిరిగేలోగా, వారి భాషలో, వారి ప్రాంతమంతటికీ కలిపిన రూపంలో తిరిగి రానంత కాలం దాన్ని నిఘా అనలేం. అది దాఖలాగా మిగిలిపోతుంది. నర్సీపట్నం లాంటి చోట ఈ లోపం నష్టాన్ని రెట్టింపు చేస్తుంది. ఇక్కడ జబ్బు తిరిగే ప్రాంతం ఒకటి, లెక్క తిరిగే ప్రాంతం మరొకటి.

ముందు ఆ ప్రాంతం సంగతి చూద్దాం. చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు వైపు నుంచి మన్యం దిగే దారులు ఇక్కడికి చేరతాయి. డోలీలో రోడ్డు దాకా మోసుకొచ్చిన రోగి, దగ్గరలో వైద్యం చేయించుకున్నా తగ్గని జ్వరంతో బస్సెక్కిన మనిషి చాలావరకు ఇక్కడి ఏరియా ఆసుపత్రికో, ప్రైవేటు నర్సింగ్ హోముకో వస్తారు. చలికాలంలో ఈ రాకపోకలు మరీ ఎక్కువ. నవంబరు నుంచి మన్యంలో కాఫీ పండ్ల కోత సాగుతుంది. కింద వరి కోతలు, నూర్పులు, ఆ తర్వాత చెరకు నరుకుడు, బెల్లం వంట. లంబసింగి మంచు చూడడానికి వచ్చే వాహనాలు ఈ ఊరి మీదుగానే ఘాట్ ఎక్కుతాయి. సంక్రాంతికి ఇళ్లకు వెళ్లిన ఆశ్రమ పాఠశాలల పిల్లలు పండగ దాటాక తిరిగొచ్చి ఇరుకు గదుల్లో కలిసి పడుకుంటారు. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖపట్నం జిల్లా మూడు జిల్లాలైంది. నర్సీపట్నం, గోలుగొండ, నాతవరం అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. చింతపల్లి, కొయ్యూరు, గూడెం కొత్తవీధి పాడేరు కేంద్రమైన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. జిల్లా కేంద్రం ప్రజలకు దగ్గరవడం మంచిదే, దాన్ని నేను తప్పుపట్టను. అయితే మనుషులు పాత దారుల్లోనే నడుస్తున్నారు. వాళ్ల జ్వరాల లెక్క మాత్రం రెండు వేర్వేరు దారుల్లో పోతోంది.

దీనివల్ల ఏం పోతుందో స్క్రబ్ టైఫస్ స్పష్టంగా చూపిస్తుంది. నల్లిని పోలిన ఒక సూక్ష్మమైన పురుగు పిల్లదశలో మనిషిని కుట్టినప్పుడు ఈ వ్యాధి సోకుతుంది. కుట్టినట్టు తెలియదు, నొప్పి ఉండదు. సాధారణంగా వారం నుంచి రెండు వారాల్లో, ఒక్కోసారి మూడు వారాలకు జ్వరం మొదలవుతుంది. చంకల్లోనో, నడుం దగ్గరో, గజ్జల్లోనో సిగరెట్‌తో కాల్చినట్టు ఒక నల్లని పక్కు కనిపించవచ్చు, అందరిలోనూ కనిపించదు. నిర్లక్ష్యం చేస్తే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి. వానలు వెనుదిరిగాక, పొదలు దట్టంగా పెరిగి చలి మొదలయ్యే నెలల్లో కేసులు ఎక్కువవుతాయి. 2025 చలికాలంలో రాష్ట్రంలోని పలు జిల్లాల నుంచి ఈ కేసులు వార్తలకెక్కాయి. ఇప్పుడు ఆలోచించండి. కాఫీ తోటలో పనిచేసి కొండ దిగి వచ్చిన కూలీకి పది రోజుల తర్వాత మైదానంలో జ్వరం వస్తుంది. ఆ కేసు అనకాపల్లి జిల్లా లెక్కలో పడుతుంది. పురుగు ఉన్నది, తోటి కూలీలు ఇంకా పనిచేస్తున్నది పక్క జిల్లాలో. వాళ్లలో మరో నలుగురికి వచ్చిన జ్వరం అక్కడి లెక్కలో నలుగురి జ్వరంగానే ఉంటుంది. ఈ ఒకటీ ఆ నాలుగూ ఒకే తోటవని గుర్తించాల్సిన కన్ను ఎక్కడుంది? జిల్లాకు ఒకటి చొప్పున కళ్లున్నాయి గానీ, రెండూ కలిపి చూసే చూపు లేదు.

వ్యవస్థ లేదని నేను అనడం లేదు. సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం 2004 నవంబరులో మొదలైనప్పుడు తొలి విడత రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. ఏఎన్ఎంలు లక్షణాలను బట్టి ఎస్ ఫారంలో, డాక్టర్లు అనుమానాన్ని బట్టి పి ఫారంలో, ప్రయోగశాలలు నిర్ధారణను బట్టి ఎల్ ఫారంలో నమోదు చేసే పద్ధతి అప్పటిది. కాగితం పోయి కంప్యూటర్ వేదిక వచ్చింది. 2018 నవంబరులో ఏడు రాష్ట్రాల్లో దాన్ని మొదలుపెట్టినప్పుడు కూడా ఆంధ్రప్రదేశ్ అందులో ఉంది. 2021 ఏప్రిల్‌లో దేశమంతటికీ విస్తరించారు. ఇవన్నీ మెచ్చుకోదగిన అడుగులు. అయినా రెండు చోట్ల పట్టు సడలింది. మొదటిది, పి ఫారంలో కారణం తెలియని జ్వరం అనే గడి ఉంటుంది. స్క్రబ్ టైఫస్‌ను పరీక్షించే వీలు లేని చోట ఆ జ్వరం వెళ్లి చేరేది అందులోకే. ఎవరూ తెరిచి చూడకపోతే ఆ గడిలో ఒక ఊరి జ్వరాలన్నీ చప్పుడు లేకుండా పూడిపోతాయి. రెండవది, లెక్క ఇచ్చినవారికి ఫలితం తిరిగి చెప్పాలన్నది ఆ కార్యక్రమం రాతలోనే ఉంది. ఆచరణలో అన్నిటికన్నా బలహీనమైన లంకె అదే. ఢిల్లీ నుంచి వారం వారం ఇంగ్లీషులో వెలువడే నివేదికలో గోలుగొండ ఏఎన్ఎంకు రేపు పొద్దున పనికొచ్చే వాక్యం దొరకదు.

కారణం వెతకని నిఘా ఎంత ఖరీదైనదో గోరఖ్‌పూర్ చెబుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని ఆ ప్రాంతంలో ఏటా పిల్లలు మెదడువాపుతో చనిపోయేవారు. 2005లో ఆ రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకుని మరుసటి ఏడాది నుంచి టీకాలు వేశారు. ఆ వ్యాధి తగ్గింది, మరణాలు ఆగలేదు. కేసులను అన్నేళ్లుగా లెక్కపెడుతూనే ఉన్నారు, అయినా చాలా కేసులకు కారణం తెలియలేదు. 2014 తర్వాత జరిగిన పరిశోధనల్లో వాటిలో పెద్ద భాగం స్క్రబ్ టైఫస్ అని తేలింది. అప్పటికి గాని, జ్వరం మొదలైన తొలి రోజుల్లోనే ఊరి స్థాయిలో చవకైన మందు ఇవ్వాలన్న ఆలోచనకు బలం రాలేదు. సంఖ్య ఎంత కచ్చితమైనదైనా అది ప్రశ్నగా మారి, ఆ ప్రశ్నకు పరీక్ష జరిగి, జవాబు కింది వైద్యుడి చేతికి వచ్చినప్పుడే ప్రాణం నిలుస్తుంది.

చలికాలమంటే స్క్రబ్ టైఫస్ ఒక్కటే కాదు. మన దేశంలో ఫ్లూ జ్వరాలు జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానాకాలంలో మరోసారి పెరుగుతాయి. కాశ్మీర్‌లో చలి నెలల్లో ఉధృతి ఉంటే, ఢిల్లీలో వానల్లో, చెన్నై వైపు ఈశాన్య రుతుపవనాల నెలల్లో పెరగడాన్ని పరిశోధకులు గమనించారు. కనుక దేశానికంతటికీ ఒకే పంచాంగం పనికిరాదు. సముద్రపు గాలి తగిలే విశాఖకూ, చలికి గడ్డకట్టే లంబసింగికీ, మధ్యలోని నర్సీపట్నానికీ ఒకే ఉధృతి ఉంటుందని అనుకోవడానికి ఆధారం లేదు. ఎవరి లెక్క వారు పెట్టుకోవాల్సిందే. చంటిపిల్లల నిమోనియా ఇంకొకటి. చలికి తలుపులు మూసి కట్టెల పొయ్యి పొగలో గడిపే ఇళ్లలో దాని ప్రమాదం ఎక్కువ. అందుకే కేంద్రం సాన్స్ పేరుతో ఏటా నవంబరు 12 నుంచి ఫిబ్రవరి చివరిదాకా ప్రత్యేక కార్యక్రమం నడుపుతోంది. రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డ నిమిషానికి 50 సార్లు, ఏడాది నుంచి ఐదేళ్లలోపు బిడ్డ 40 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీస్తుంటే అది ప్రమాద సూచన. ఆశా కార్యకర్త చేతి గడియారంతో లెక్కపెట్టగలిగిన సూచన ఇది.

లెక్క వల్ల ఏం ఒరుగుతుందని అడిగేవారికి రోటావైరస్ విరేచనాలే జవాబు. ఇవి కూడా మన దగ్గర చలి నెలల్లో పెరుగుతాయి. 2005 నుంచి దేశంలోని ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో విరేచనాలతో చేరిన చిన్నపిల్లలను పరీక్షిస్తూ పోయారు. దాదాపు నూటికి నలభై మందిలో రోటావైరస్ కనబడింది. ఆ అంకె లేకుండా టీకా కోసం వాదించడం కష్టమయ్యేది. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్‌ను 2016లో సార్వత్రిక టీకాల కార్యక్రమంలో మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కొన్ని ఆసుపత్రులు ఒకే ప్రశ్నను ఏళ్ల తరబడి ఓపికగా అడిగితే ఆ జవాబు ఊరూరి బిడ్డ నోటికి చుక్కల మందుగా వచ్చింది. అన్ని జబ్బులనూ అందరిలోనూ వెతకనక్కర్లేదు. కొన్నిటిని, కొన్ని చోట్ల, విడవకుండా వెతకాలి.

లెక్క తిరిగి రావడం సాధ్యమా అన్న సందేహానికి మన పొరుగునే జవాబుంది. చిత్తూరుకు ఆనుకుని ఉన్న అప్పటి నార్త్ ఆర్కాట్ జిల్లాలో, వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ టి. జాకబ్ జాన్ బృందం 1980లలో ఒక పద్ధతి నడిపింది. ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులకు అచ్చేసిన పోస్టుకార్డులు ఇచ్చారు. ఎంచుకున్న కొన్ని జబ్బుల్లో ఏదైనా అనుమానం కలిగితే చాలు, నిర్ధారణ కోసం ఆగకుండా కార్డు రాసి పోస్టు చేయాలి. జిల్లా కేంద్రం వాటిని కలిపి చూసి, అవసరమైన చోటికి మనుషుల్ని పంపి, నెల నెలా ఒక చిన్న పత్రిక అచ్చేసి కార్డు రాసిన ప్రతి వైద్యుడికీ తిరిగి పంపేది. కంప్యూటర్ లేదు, ఫోన్లు అరుదు. తన కార్డు ఏమైందో తెలుస్తోంది కనుకనే వైద్యుడు తర్వాతి కార్డు రాశాడని నా నమ్మకం. తర్వాత కేరళలో కొట్టాయం జిల్లా ఈ దారినే ఎంచుకుంది. నలభై ఏళ్ల కిందట పోస్టుకార్డుతో అయిన పని నేడు సెల్‌ఫోన్‌తో కాదనడం న్యాయం కాదు.

ఇక అభ్యంతరాలు. చలికి వచ్చే జ్వరాలు శివరాత్రికి అవే పోతాయి, వీటికి ఇంత హడావుడి ఎందుకని కొందరు అడుగుతారు. నిజమే, చాలావరకు అవే తగ్గుతాయి. ఆ మాట వల్లే ప్రమాదం. తొంభై మందికి తగ్గిపోయే జ్వరాల నడుమ తగ్గని పది జ్వరాలు దాక్కుంటాయి. 2020 డిసెంబరులో ఏలూరులో ఆరువందల మందికి పైగా మూర్ఛలతో, వాంతులతో ఆసుపత్రికి వచ్చినప్పుడు దేశంలోని పేరున్న సంస్థలన్నీ అక్కడికి పరుగెత్తాయి. నీటిలో, ఆహారంలో, రక్తంలో కారణం వెతికాయి. ఒకే పట్టణం, ఒకే ఆసుపత్రి, కొద్ది రోజుల వ్యవధి కాబట్టి అది కళ్లబడింది. అంతమందే పాతిక కొండ గ్రామాల్లో, రెండు జిల్లాల్లో, రెండు నెలల వ్యవధిలో జబ్బుపడితే ఎవరి దృష్టికీ రాదు. చెదిరి ఉన్న కష్టాన్ని ఒకచోట చేర్చి చూపించడానికే నిఘా.

లెక్క బయటపెడితే జనం భయపడతారు, సందర్శకులు రారు, కాఫీ కోతకు కూలీలు రారన్నది రెండో అభ్యంతరం. ఇందులో జీవనోపాధి గురించిన బాధ ఉంది కనుక దీన్ని తేలిగ్గా తోసిపుచ్చను. కానీ 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. మరణాలు పదుల్లో ఉంటే పారిపోయిన జనం లక్షల్లో ఉన్నారు. విమానాలు ఆగాయి, ఎగుమతులు ఆగాయి. నమ్మదగిన మాట లేనప్పుడు పుకారు రాజ్యమేలింది. దేశంలో నిఘా వ్యవస్థను గట్టిపరచాలన్న ఆలోచనకు ఆ చేదు అనుభవమే ఊపునిచ్చింది. ఈ వారం ఫలానా వైపు జ్వరాలు ఎక్కువగా ఉన్నాయి, పొదల్లోకి వెళ్లేవారు నిండు చేతుల చొక్కా వేసుకోండి, నేల మీద నేరుగా కూర్చోకండి, వచ్చాక స్నానం చేయండి, జ్వరం వస్తే ఆగకుండా చూపించుకోండి అని ప్రతి చలికాలం చెప్పే ఊరిని జనం నమ్ముతారు. దాచిపెట్టి ఒక మరణంతో వార్తకెక్కిన ఊరికి ఆ నమ్మకం తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది.

మూడో అభ్యంతరం ఏఎన్ఎంలది, ఆశాలది. ఇది అన్నిటికన్నా బలమైనది. ఇంటింటి ఫీవర్ సర్వేలు, టీకాలు, గర్భిణుల నమోదు, రకరకాల యాప్‌లు ఇప్పటికే వారి మీద ఉన్నాయి. సిగ్నల్ అందని గూడేల్లో యాప్ నింపడమే ఒక రోజు పని. కొత్త భారం పెట్టే ప్రతిపాదన ఏదైనా విఫలమవుతుంది, అవ్వాలి కూడా. అందుకే నేను కొత్త ఫారం అడగడం లేదు. ఉన్న నమోదులోంచే నాలుగు సంగతులు ఏరుకుంటే చాలు: ఐదు రోజులు దాటిన జ్వరం, ఐదేళ్లలోపు బిడ్డలో వేగంగా ఊపిరి తీయడం, చంటిబిడ్డలో నీళ్ల విరేచనాలు, జ్వరంతోపాటు మగత లేదా మూర్ఛ. పని పెరగాల్సింది కింద కాదు, ఆ నాలుగు అంకెలనూ కలిపి చూసి తిరిగి చెప్పాల్సిన కార్యాలయంలో.

ఆర్ఎంపీలను, మందుల దుకాణాలవారిని ఇందులోకి తెస్తే వారికి లేని గుర్తింపు ఇచ్చినట్టవుతుందని వైద్యులు కొందరు అంటారు. కబురు అడగడం వేరు, వైద్యం చేసే హక్కు ఇవ్వడం వేరు. మన్యంలోనూ మైదానంలోనూ జ్వరం వచ్చినవారిలో ఎంతోమంది మొదట వెళ్లేది వారి దగ్గరికే. మొదటి వారం కబురు అక్కడుంటే, వారిని పక్కనబెట్టిన నిఘా రెండో వారం నుంచి మొదలవుతుంది. స్క్రబ్ టైఫస్‌లో ప్రాణం నిలిచేదీ పోయేదీ ఆ వారం తేడాలోనే. వారి నుంచి రోగి పేరు అక్కర్లేదు. ఊరి పేరు, సంఖ్య చాలు. దానితో రోగి గోప్యతకూ భంగం ఉండదు.

కనుక నా ప్రతిపాదన క్లుప్తంగా ఇది. నవంబరు మొదలు ఫిబ్రవరి చివరిదాకా, జిల్లా గీత ఎటున్నా, నర్సీపట్నం చుట్టూ ఉన్న మైదాన, మన్య మండలాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను ఒకే జ్వర ప్రాంతంగా చూడాలి. లెక్క జిల్లాల వారీగా గాక ఆరోగ్య కేంద్రాల వారీగా భద్రపరచాలి. అప్పుడు రేపు సరిహద్దులు మళ్లీ మారినా, ఈ వారాన్ని గత ఏళ్ల ఇదే వారంతో పోల్చే ఆధారం చెదరదు. రోగి ఉంటున్న ఊరితోపాటు గత మూడు వారాల్లో పనిచేసిన చోటు కూడా రాయాలి. ఏరియా ఆసుపత్రికి వచ్చే ఐదు రోజులు దాటిన జ్వరాల్లో ఒక నిర్ణీత వంతు నమూనాలను ప్రతివారం విశాఖలోని ప్రయోగశాలకు పంపి, కారణం తెలియని జ్వరమన్న గడిని తెరవాలి. ఫలితం కోసం ఆగి మందు ఆపకూడదు. అనుమానం బలంగా ఉన్నప్పుడు వైద్యుడు మొదటిరోజే మందు మొదలుపెట్టాలి. ప్రతి సోమవారం రెండు జిల్లాల నిఘా అధికారులూ కలిసి ఒక్క పేజీ తెలుగులో విడుదల చేయాలి. ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది, పరీక్షల్లో ఏం తేలింది, ఈ వారం ఏం చేయాలి అన్న నాలుగు సంగతులే అందులో ఉండాలి. అది ఏఎన్ఎంకు, ఆశాకు, ఆశ్రమ పాఠశాల వార్డెన్‌కు, ప్రైవేటు వైద్యుడికి, ఆర్ఎంపీకి, మందుల దుకాణానికి, పంచాయతీకి చేరాలి. సిగ్నల్ లేని చోటికి వారపు సంతలో చదివి వినిపించే మనిషి ద్వారా చేరాలి.

ఇందులో కొత్త భవనం లేదు, కొత్త పథకం లేదు. రెండు కార్యాలయాల మధ్య ఒక ఒప్పందం, ఒక చలికాలం పాటు నిలకడ, ఒక పేజీ కాగితం కావాలి. మందు కనిపెట్టే పనిని సుబ్బారావుగారి తరం చేసి వెళ్లింది. ఆ మందును సరైన వారంలో సరైన ఊరికి చేర్చే పని మన తరానిది. ఈ సభలో ఉన్న వైద్యాధికారులనూ, ప్రజాప్రతినిధులనూ, ప్రైవేటు వైద్యులనూ నేను కోరేది ఒక్కటే. వచ్చే నవంబరు మొదటి సోమవారం ఆ మొదటి పేజీ వెలువడేలా చూడండి. ఆ పేజీ తన చేతికి అందకపోతే ఎందుకు రాలేదని ప్రతి ఏఎన్ఎం, ప్రతి సర్పంచ్, ప్రతి తల్లి అడగాలి. అలా అడిగే హక్కు వారికుందని మనం ఒప్పుకోవాలి.